మైకేల్ ఫారడే మహాశయుడు

మీట నొక్కినంతనే ఇంటిలో దీపము వెలుగుచున్నది. చేనిగట్టున మోటారు తిరిగి బోరునీరు బోదెలోనికి దుముకుచున్నది. అంతటి విద్యుచ్ఛక్తిని పుట్టించు మార్గమును కనిపెట్టినవాడు పెద్ద చదువులు చదివినవాడు కాడు. పుస్తకములకు అట్టలు కట్టి పొట్టపోసుకొనిన పనివాడు. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో అతని కథ చెప్పుకొనుటకు వేరొక కారణ మక్కరలేదు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను పొలిమేరలోని న్యూయింగ్టనులో జన్మించెను. తండ్రి కమ్మరి, తరచు జబ్బుపడు మనిషి. ధరలు మండిపోయిన 1801లో ఆ పిల్లవానికి ఒక్క రొట్టె నిచ్చి వారమంతయు దానితోనే గడుపుకొమ్మనిరట. బడిలో నేర్చినది చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు మాత్రమే. 13వ యేట రీబో అను పుస్తక వ్యాపారి యొద్ద పనికి కుదిరెను. ఆ దినములలో వార్తాపత్రిక ఖరీదైన వస్తువు. రీబో పత్రికలను అద్దెకు తిప్పుచుండెను. ఒక ఇంట చదువుట ముగియగనే దానిని తీసికొని మరియొక ఇంటికి చేర్చుట ఈ కుర్రవాని పని. నమ్మకముగా పనిచేయుట చూచి, మరుసటి యేడు యజమాని రుసుమేమియు పుచ్చుకొనకయే ఏడేండ్ల ఒప్పందముపై అట్టలు కట్టు పనిలో చేర్చుకొనెను.

అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములను ఫారడే ముందు చదివి, పిదప కుట్టెడివాడు. ఒక విజ్ఞాన సర్వస్వ సంపుటములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. మార్సెట్ అను విదుషీమణి వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము చేత చిక్కెను. చదివినదానిని ఊరక నమ్మక, తాను దాచుకొనిన చిల్లరడబ్బులతో సామగ్రి కొని పరీక్షించి చూచెను. ఈ గుణమే అతనిని నిలబెట్టినది. పని చెడనంతవరకు చదువుకొననిచ్చిన ఆ యజమానిని కూడ తలచుకొనవలెను.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములకు ఒక ఖాతాదారుడు టిక్కెట్టు లిప్పించెను. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, అన్నియు సాపుగా వ్రాసి, బొమ్మలు గీసి, స్వహస్తములతో అట్ట కట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో ఆ సంస్థలోనే సహాయకుని ఉద్యోగము లభించెను. డేవీ వెంట ఐరోపా యాత్రకు పోయినపుడు సేవకుని పని కూడ నెత్తిన బడెను. డేవీ భార్య అతనిని నౌకరుగనే చూచెను.

విద్యుత్తు ప్రవహించు తీగ దిక్సూచి ముల్లును కదల్చునని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ వెల్లడించెను. మరుసటి యేడు ఫారడే, విద్యుత్తు పారు తీగను సూదంటురాయి చుట్టును ఎడతెగక తిరుగునట్లు చేసెను. నేటి మోటార్లకు మూలము అదియే. కాని వలస్టన్ అను పెద్దమనిషి కూడ అదే దారిలో యోచించుచుండెను. ఆయన పేరు చెప్పకయే వ్యాసము ప్రకటించుటచే ఫారడేపై చౌర్యాపవాదు వచ్చినది. తొందరపాటు అతనిదే, దొంగతనము మాత్రము కాదు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు అతని పేరు వచ్చినపుడు చేరదీసిన డేవీయే అడ్డు నిలిచెను. అయినను ఎన్నిక జరిగెను.

విద్యుత్తువలన అయస్కాంతశక్తి కలుగుచున్నపుడు, అయస్కాంతమువలన విద్యుత్తు ఏల కలుగదు? ఈ ప్రశ్న అతనిని వదలలేదు. పలుమారులు యత్నించి విఫలుడయ్యెను. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియమునకు ఇరుప్రక్కల వేర్వేరుగా రాగితీగ చుట్టి, ఒక చుట్టలోనికి విద్యుత్తు పంపెను. రెండవ చుట్టకు తగిలించిన సూది ఒక్కసారి అదిరి ఊరకుండెను. ప్రవాహము ఆపగనే ఎదురుదిక్కునకు అదిరెను. నడుమ కదలిక లేదు. అంతకుముందు అందరును పొరబడినది ఇచ్చటనే: అయస్కాంతము ప్రక్క నున్నంతమాత్రమున విద్యుత్తు నిలకడగా పారునని ఎదురుచూచిరి.

అక్టోబరు 17న కాగితపు గొట్టముపై రాగితీగ చుట్టి, అందులోనికి సూదంటుకడ్డీని చొప్పించెను. సూది కదలెను. కడ్డీ లోపల నిలిచియున్నంతసేపు సూదియు నిలిచెను. వెలికి లాగగా ఎదురుదిక్కునకు పోయెను. విద్యుత్తును పుట్టించునది అయస్కాంతపు ఉనికి కాదు, కదలిక. వేగము హెచ్చినకొలది, చుట్లు పెరిగినకొలది ఆ ఒత్తిడి పెరుగును. అక్టోబరు 28న పెద్ద అయస్కాంతపు ధ్రువముల నడుమ రాగి పళ్ళెమును త్రిప్పి, తెంపులేని ప్రవాహమును సాధించెను. అమెరికాలో జోసఫ్ హెన్రీ కూడ స్వతంత్రముగ ఇట్టి ఫలితమునే కనుగొనెను. ముందు ప్రకటించినవాడు ఫారడే.

పూర్వము సైకిలు చక్రమున కానించుచుండిన డైనమోలో తీగచుట్ట నడుమ తిరిగినది చిన్న అయస్కాంతమే. దానిని ఆనించి దీపము వెలిగించినంతనే తొక్కుడు బరువగుట త్రొక్కినవారందరు ఎరిగినదే. విద్యుత్తు ఊరక రాదు. కాలిబలము ఖర్చు కావలెను. శ్రీశైలమునను, నాగార్జునసాగరమునను ఆ ఖర్చు భరించునది పైనుండి పడు కృష్ణనీరు. నీరు చక్రమును త్రిప్పును. చక్రము అయస్కాంతమును త్రిప్పును. 1902లో ఈ కంకిపాడుననే జన్మించి, కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రిగా పనిచేసిన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారి జీవితమంతయు ఆ నీటితోడనే ముడివడియుండెను.

ఫారడేకు ఉన్నత గణితము రాదు. అయస్కాంతము చుట్టును ఇనుపరజను కూర్చుకొను గీతలను చూచి, ఆ బలరేఖలను తీగ ఖండించినపుడు విద్యుత్తు పుట్టునని ఊహించెను. కొందరు పండితులు దానిని మన్నింపలేదు. తరువాత మాక్స్‌వెల్ ఆ ఊహనే గణితమున నిలబెట్టెను.

బెజవాడలో కృష్ణపై పాత ఆనకట్ట కట్టుచుండిన 1852-55 ప్రాంతములలో, ఫారడే యేటేట క్రిస్మసు సెలవులలో పిల్లలకు శాస్త్రము బోధించుచుండెను. బిరుదు ఒల్లలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండుమార్లు నిరాకరించెను. కడపటి యేండ్లలో జ్ఞాపకశక్తి క్షీణించెను. 1867 ఆగస్టు 25న మరణించెను. రాజులను, ప్రముఖులను ఉంచు వెస్ట్‌మినిస్టరులో గాక, హైగేటు శ్మశానమున సాదా రాతి క్రింద అతనిని ఉంచిరి. ఆ ఇనుప కడియము, పాతబడిన తీగచుట్లతో సహా, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగ నున్నది.