గెర్రీ: ఊరు వదిలించుకున్న పేరు, ప్రపంచం వదలని పేరు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫిలిప్‌స్టన్ అనే చిన్న ఊరుంది. 1786లో ఏర్పడినప్పుడు దాని పేరు అది కాదు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ మీద గౌరవంతో ఊరికి ‘గెర్రీ’ అని పెట్టుకున్నారు. 1814లో ఊరివాళ్లే అర్జీ పెట్టుకుని ఆ పేరు తీయించేశారు. అప్పటికి గెర్రీ జనం మరిచిపోయిన మాజీ నాయకుడేమీ కాదు. సాక్షాత్తూ దేశ ఉపాధ్యక్షుడు. కొత్త పేరు రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ విలియం ఫిలిప్స్‌ది. గెర్రీని ఓడించి గవర్నర్ పీఠం ఎక్కిన కేలబ్ స్ట్రాంగ్‌కు ఆయన సహచరుడు.

ఊరు వదిలించుకున్నా పేరు మాత్రం పోలేదు. నియోజకవర్గాల పునర్విభజన గురించి ఎక్కడ చర్చ జరిగినా ‘జెర్రీమాండరింగ్’ అనే మాట వినపడుతుంది. అధికారంలో ఉన్నవారు తమకు లాభించేలా నియోజకవర్గాల హద్దులు గీసుకోవడం అని దాని అర్థం. ఆ మాటలో మొదటి సగం ఈయనే. ఆయన ఇంటిపేరు గెర్రీ అయితే, జనం నోట పడి అది జెర్రీ అయింది. మాట వాడేవారిలో చాలామందికి దాని వెనుక ఒక మనిషి ఉన్నాడని తెలియదు. తెలిసినవారు ఆయన్ని మోసకారి రాజకీయ నాయకుడిగా ఊహించుకుంటారు. అసలు కథ అంత తేలిగ్గా తేలేది కాదు.

చేపల వ్యాపారి కొడుకు

గెర్రీ 1744 జులై 17న మసాచుసెట్స్ తీరంలోని మార్బుల్‌హెడ్‌లో పుట్టాడు. ఎండబెట్టిన కాడ్ చేపలను కరీబియన్ దీవులకు, స్పెయిన్‌కు ఓడల్లో పంపడం వాళ్ల కుటుంబ వ్యాపారం. హార్వర్డ్‌లో చదువు ముగించుకుని ఆయన కూడా అందులోనే దిగాడు. బ్రిటిష్ ప్రభుత్వం వలస రాజ్యాలపై కొత్త పన్నులు వేస్తున్న రోజులవి. పన్ను దెబ్బ మొదట తగిలేది ఓడరేవు వ్యాపారులకే. రాజకీయాల్లోకి ఆయన వచ్చిన దారి అది. 1772లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, బ్రిటిష్ వ్యతిరేక ఉద్యమంలో ముందున్న శామ్యూల్ ఆడమ్స్‌కు సన్నిహితుడయ్యాడు.

జనం మీద ఆయనకు ఎప్పుడూ పూర్తి నమ్మకం కుదరలేదు. దానికి సొంత అనుభవం ఒకటుంది. మశూచి వ్యాపిస్తున్నప్పుడు గెర్రీ, మరికొందరు కలిసి మార్బుల్‌హెడ్ దగ్గరి ఒక దీవిలో టీకాల ఆసుపత్రి కట్టించారు. టీకాతోనే రోగం అంటుకుంటుందని భయపడ్డ స్థానికులు 1774లో దాన్ని తగలబెట్టారు. ప్రజల పేరుతో పోరాడుతూనే ప్రజల ఆవేశానికి జంకడం ఆయనలో చివరిదాకా కనిపిస్తుంది.

1775 ఏప్రిల్ 18 రాత్రి, లెక్సింగ్టన్ వైపు కదులుతున్న బ్రిటిష్ సైనికులు దారిలో గెర్రీ బస చేసిన సత్రం దగ్గర ఆగారు. ఆయన, ఇద్దరు సహచరులు రాత్రి బట్టలతోనే వెనుక పొలంలోకి పరుగెత్తి దాక్కున్నారు. తెల్లవారితే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. సైన్యానికి మందుగుండు, తిండిగింజలు, బట్టలు సమకూర్చడంలో ఆయన వ్యాపార అనుభవం అక్కరకొచ్చింది. మరుసటి ఏడాది స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేశాడు. ఆయన్ని చరిత్రలో నిలిపిన మొదటి సంతకం అది.

సంతకం పెట్టని రోజు

1787 వేసవిలో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధుల్లో గెర్రీ ఒకరు. చట్టసభలో ఏ రాష్ట్రానికి ఎంత బలం ఉండాలన్న దగ్గర పని ఆగిపోయింది. జనాభా ప్రకారం సీట్లివ్వాలని పెద్ద రాష్ట్రాలు, అన్నిటికీ సమానంగా ఇవ్వాలని చిన్న రాష్ట్రాలు పట్టుబట్టాయి. రాజీ కుదర్చడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు గెర్రీయే. ప్రతినిధుల సభలో జనాభా లెక్క, సెనేట్‌లో అన్ని రాష్ట్రాలకూ సమాన స్థానం అన్న సూత్రాన్ని ఆ కమిటీ సిఫార్సు చేసింది. నేటికీ అమెరికా కాంగ్రెస్ నిలబడింది దాని మీదే.

బానిసలను జనాభాలో కలిపి దక్షిణాది రాష్ట్రాలకు అదనపు సీట్లివ్వడాన్ని కూడా ఆయన ప్రశ్నించాడు. దక్షిణాదిలో ఆస్తిగా చూసే మనుషులను లెక్కలో కలిపితే, ఉత్తరాదివారి పశువులను, గుర్రాలను ఎందుకు కలపకూడదని అడిగాడు. బానిసల మీద జాలితో చేసిన వాదన కాదది. ఓటు లేని మనిషిని చూపించి అతని యజమాని రాజకీయ బలం పెంచుకోవడం మీద అభ్యంతరం. చివరికి ప్రతి బానిసనూ మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కించే నిబంధన రాజ్యాంగంలో చేరింది.

సమావేశాలు ముగియబోతుండగా, సెప్టెంబర్ 12న, పౌరుల హక్కుల ప్రకటన ఒకటి తయారు చేయడానికి కమిటీ వేయాలని గెర్రీ ప్రతిపాదించాడు. జార్జ్ మేసన్ బలపరిచాడు. ఒక్క రాష్ట్రం కూడా మద్దతివ్వలేదు. పత్రికా స్వేచ్ఛకు హామీ ఇచ్చే వాక్యం చేర్చాలన్న ప్రయత్నమూ వీగిపోయింది. సెప్టెంబర్ 17న 39 మంది రాజ్యాంగంపై సంతకం చేశారు. ఆ రోజు సభలో ఉండి కూడా చేయనివారు ముగ్గురే: గెర్రీ, మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్.

సొంత రాష్ట్రంలో తిట్లు పడ్డాయి. కానీ హక్కుల హామీ లేదన్న అభ్యంతరం దేశమంతా వినిపించడంతో మొదటి కాంగ్రెస్ సవరణలు చేపట్టక తప్పలేదు. ఆ కాంగ్రెస్‌లో గెర్రీ సభ్యుడు. వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ వంటి హక్కులను రాజ్యాంగంలో చేర్చిన పది సవరణలు 1791లో అమల్లోకి వచ్చాయి. ఆయన పెట్టని ఆ సంతకం వెనుక ఉన్న వాదన చివరికి నెగ్గింది.

పారిస్ నుంచి వచ్చిన మచ్చ

1797లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ముగ్గురు దూతలను ఫ్రాన్స్‌కు పంపాడు. వారిలో గెర్రీ ఒకడు. ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి టాలీరాన్ మనుషులు, చర్చలు మొదలుపెట్టాలంటే ముందు లంచం ఇవ్వాలన్నారు. మిగతా ఇద్దరూ వెనుదిరిగారు. తానూ వచ్చేస్తే యుద్ధం తప్పదన్న భయంతో గెర్రీ ఒక్కడే ఉండిపోయాడు. ఇంటికి వచ్చేసరికి ఫెడరలిస్టు పార్టీ వారి దృష్టిలో ఆయన ఫ్రాన్స్ పక్షపాతి. పార్టీలంటేనే గిట్టని మనిషి ఈ అవమానాలతో నెమ్మదిగా జెఫర్సన్, మాడిసన్ల పక్షంలో చేరాడు. వారినే నేటి చరిత్రకారులు డెమోక్రటిక్-రిపబ్లికన్లు అంటారు. ఆ పక్షం తరఫున గవర్నర్ పదవికి వరుసగా ఓడి, చివరికి 1810లో గెలిచాడు.

మొదటి ఏడాది మధ్యేమార్గంలో నడిచాడు. 1811లో మళ్లీ గెలిచాక ధోరణి మారింది. బ్రిటన్‌తో యుద్ధ మేఘాలు కమ్ముకుంటున్నాయి. ప్రభుత్వాన్ని దుమ్మెత్తిపోస్తున్న ఫెడరలిస్టులు ఆయన కంటికి దేశద్రోహుల్లా కనిపించారు. వారిని పదవుల నుంచి తప్పించి తమవాళ్లను నింపాడు. బోస్టన్ పత్రికల రాతల్లో పరువునష్టం కేసులకు తగినవి ఎన్ని ఉన్నాయో లెక్క తీయించాడు. పత్రికా స్వేచ్ఛ కోసం ఒకప్పుడు ఫిలడెల్ఫియాలో పట్టుబట్టిన మనిషి ఈయనే.

సాలమాండర్ పుట్టిన కథ

1812 ఫిబ్రవరి 11న గెర్రీ ముందుకు ఒక బిల్లు వచ్చింది. రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల హద్దులను ఆయన పక్షం వారు కొత్తగా గీశారు. ఎత్తుగడ సులువైనదే. ప్రత్యర్థుల ఓట్లను కొన్ని చోట్ల కుప్పగా పోస్తే, అక్కడ వారు భారీ మెజారిటీతో గెలుస్తారు. ఆ ఓట్లలో ఎక్కువ భాగం వృథా. మిగిలిన చోట్ల మనవాళ్లు కొద్దికొద్ది తేడాతో గట్టెక్కితే చాలు.

ఎసెక్స్ కౌంటీలో గీసిన నియోజకవర్గం వంకర్లు తిరుగుతూ లోపలి ఊళ్లను బయటి నుంచి చుట్టుకుంది. గెర్రీ పుట్టిన మార్బుల్‌హెడ్ కూడా అందులోనే ఉంది. మార్చి 26న ‘బోస్టన్ గెజిట్’ ఆ పటానికి రెక్కలు, గోళ్లు, కోరలు తగిలించి బొమ్మ వేసింది. బల్లిని పోలిన సాలమాండర్ అనే ఉభయచర జీవికి గవర్నర్ పేరు జోడించి ‘గెర్రీమాండర్’ అని పేరు పెట్టింది.

ఆ ఎన్నికల్లో సెనేట్ స్థానాలకు ఫెడరలిస్టులకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సీట్లు మాత్రం వారికి 11, గెర్రీ పక్షానికి 29. గవర్నర్ ఎన్నికకు నియోజకవర్గాలు ఉండవు, రాష్ట్రమంతా ఒకటే లెక్క. అక్కడ గెర్రీ ఓడిపోయాడు. పటం పార్టీని కాపాడింది కానీ సంతకం చేసినవాణ్ని కాపాడలేదు.

ఆ బిల్లు ఆయనకు ఏమాత్రం ఇష్టం లేదని అల్లుడు జేమ్స్ ఆస్టిన్ తర్వాత రాసిన జీవితచరిత్ర చెబుతోంది. గీతలు ఆయన గీసినవి కావు. అయితే మసాచుసెట్స్ గవర్నర్‌కు బిల్లును తిప్పి పంపే అధికారం ఉంది. గెర్రీ దాన్ని వాడలేదు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్‌లు కూర్చున్న సభలో సంతకం పెట్టనని నిలబడినవాడు, సొంత పార్టీ వాళ్లు తెచ్చిన కాగితం మీద పెట్టేశాడు. ఆయన మీద జాలి పడేవారు కూడా ఈ తేడా దగ్గర ఆగి ఆలోచించాలి.

పేరు మిగిలిన చోట్లు

ఓడిన ఏడాదే మాడిసన్ ఆయన్ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నాడు. ఉపాధ్యక్షుడు సెనేట్‌కు అధ్యక్షత వహించడం తగదని రాజ్యాంగ సభలో అభ్యంతరం చెప్పిన గెర్రీ, 1813లో ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. 1814 నవంబర్ 23న సెనేట్‌కు వెళ్తూ దారిలో కన్నుమూశాడు. అప్పటికి అప్పుల్లో ఉన్నాడు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసినవారిలో వాషింగ్టన్ నగరంలో సమాధి ఉన్నది ఈయన ఒక్కడికే.

న్యూయార్క్ రాష్ట్రం పశ్చిమాన గెర్రీ అనే ఊరు ఇప్పటికీ ఉంది. అదే రాష్ట్రంలోని ఎల్‌బ్రిడ్జ్ కూడా ఆయన పేరు మీద వెలిసిందేనని చెబుతారు. కేంబ్రిడ్జ్‌లో ఆయన నివసించిన ఎల్మ్‌వుడ్ భవనం హార్వర్డ్ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఫిలిప్‌స్టన్ ఫిలిప్‌స్టన్‌గానే ఉంది. 1812 యుద్ధాన్ని సమర్థించిన పక్షం మీద కోపంతో పేరు మార్చుకున్న ఆ ఊరికి దాన్ని తిరిగి పెట్టుకోవాలన్న ఆలోచన రాలేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ హద్దులు గీసేది శాసనసభలే. పార్టీ ప్రయోజనం కోసం గీసిన పటాలపై ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది.

మన దగ్గర రెండు ప్రశ్నలు

భారత్‌లో ఈ పని శాసనసభలది కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా చేసిన వ్యక్తి నేతృత్వంలోని డీలిమిటేషన్ కమిషన్‌ది. ఎంపీలు, ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులుగా కూర్చోవచ్చు కానీ వారికి ఓటు లేదు. గెర్రీ కాలం మసాచుసెట్స్ కంటే ఇది మెరుగే. అయినా మన చర్చల్లో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి.

మొదటిది, ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు? లోక్‌సభలో రాష్ట్రాల వాటాను 1971 జనాభా లెక్కల దగ్గర 1976లో ఆపేశారు, 2001లో ఆ గడువు పొడిగించారు. జనాభా పెరుగుదలను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాల ఆందోళన దీని గురించే. ఇది జెర్రీమాండరింగ్ కాదు. గెర్రీ కమిటీ 1787లో పరిష్కరించిన చిక్కు. అక్కడ రాష్ట్రాలకు సమాన సెనేట్ దొరికింది. మన రాజ్యసభలో సీట్లు కూడా దాదాపు జనాభాను బట్టే ఉన్నాయి కాబట్టి, లోక్‌సభలో తగ్గిన బలాన్ని అక్కడ పూడ్చుకునే వీలు తక్కువ.

రెండోది, గీత ఎక్కడ గీస్తారు? జమ్మూకశ్మీర్‌లో 2022లో ఇచ్చిన ఉత్తర్వులో జమ్మూకు 6 సీట్లు, జనాభా ఎక్కువున్న కశ్మీర్‌కు 1 సీటు పెరిగినప్పుడు వచ్చిన విమర్శల్లో ఈ ప్రశ్న కూడా ఉంది. తెలుగు రాష్ట్రాలకూ ఇది దూరం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెంచాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. అది ఎప్పుడు జరిగినా దాదాపు ప్రతి నియోజకవర్గం హద్దు కదులుతుంది. ఏ మండలం ఎటు పోతుంది, రిజర్వుడు స్థానాలు ఎక్కడికి మారతాయి అన్నది పటం చెప్పాలి.

కమిషన్ తుది ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. పార్లమెంటు దాన్ని మార్చలేదు, కోర్టు తలుపులు కూడా చాలావరకు మూసుకునే ఉంటాయి. దానికి ముందు ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరపడం నిబంధన. బోస్టన్ పత్రిక బొమ్మ వేసేసరికి గెర్రీ సంతకం పడి ఆరు వారాలు దాటింది. మన ఊరి హద్దు గురించి అడగదలచినవారు ముసాయిదా పటం వచ్చిన రోజే అడగాలి.