సుబ్బారావు గారి హెచ్-ఇండెక్స్ ఎంత?

హెచ్-ఇండెక్స్ లెక్కకట్టే ప్రోగ్రామ్ రాయడం పది లైన్ల పని. ఒకరి పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దది నుంచి చిన్నదానికి సార్ట్ చేసి, ఎన్నో పేపర్ దాకా కనీసం అన్ని సైటేషన్లు ఉన్నాయో చూస్తే చాలు. నేనూ రాశాను. టెస్ట్ చెయ్యడానికి మనవాళ్ల పేరు ఒకటి ఉంటే బావుంటుందని యల్లాప్రగడ సుబ్బారావు గారిని పట్టుకున్నాను. అక్కడే ఇరుక్కున్నాను.

మొదటి చిక్కు పేరుతోనే. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. అమెరికా పత్రికల లెక్కలో చివర ఉన్నదే ఇంటిపేరు. దాంతో అంత యల్లాప్రగడ కాస్తా ‘వై’ అనే ఒక్క అక్షరంగా మిగిలింది. పైగా సుబ్బారావుకి ఇంగ్లీషులో స్పెల్లింగులు ఒకటా రెండా! (పాస్‌పోర్ట్ ఫారం నింపిన ప్రతి తెలుగువాడికీ ఈ బాధ తెలుసు.)

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారి పరీక్ష రాస్తే గానీ గట్టెక్కలేదు, బ్యాక్‌లాగులున్నవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ గారి మాట విని ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. ఈలోగా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అప్పటికి దానికి మందు లేదు.

కొన్నాళ్లు మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. బతకడానికి ఆసుపత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్‌లు కడిగే పని. పగలు హార్వర్డ్.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక పేపర్ వేశారు. విషయం చాలా సాదాగా ఉంటుంది: రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడం. ఫాస్ఫేట్‌కి మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనంతో క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే. కానీ జీవరసాయన శాస్త్రంలో ఫాస్ఫరస్ కొలవాల్సిన ప్రతివాడూ దీన్నే వాడాడు, వాడిన ప్రతివాడూ సైట్ చేశాడు. మొత్తం సైన్సు చరిత్రలోనే ఎక్కువసార్లు ఉదహరించబడిన పేపర్లలో ఇదొకటి. ఆ కొలతతోనే వాళ్లు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మన ఇంటర్ బోటనీ పుస్తకంలో శక్తికి కరెన్సీ అని చదివి వదిలేశామే, అదే ఏటీపీ.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వెళ్లి రీసెర్చ్ నడిపించారు. నా ప్రోగ్రామ్ పూర్తిగా తప్పేది ఇక్కడే. కంపెనీలో పని చేయించేవాడి పేరు పేపర్ మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేస్తే, ఆ పేపర్‌లో పొడుగాటి వరుసలో ఆయనదీ ఒక పేరు. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి ఈ ఫోలిక్ యాసిడే మందయింది. నేను ఆ పేపర్ ఎంట్రీ చూస్తున్నప్పుడు అది తెలియదు. తెలిశాక మళ్లీ వెనక్కి వెళ్లి ఆ పేరు దగ్గర ఆగాను.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలకి ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే దాన్ని అడ్డుకునేది ఇస్తే? ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి, దాని చోట కూర్చుని, కణం విభజన జరగనివ్వని అణువు కావాలి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. తాత్కాలికమే, అయినా అంతకుముందు లుకేమియా విషయంలో ఇలాంటిది ఎవరూ చూడలేదు. 1948 జూన్‌లో వచ్చిన ఆ పేపర్ క్యాన్సర్ కీమోథెరపీకి మొదటి మెట్లలో ఒకటి. రచయితలు ఐదుగురు. అందులో సుబ్బారావు లేరు. కాబట్టి నా ప్రోగ్రామ్ లెక్కలో దానికి ఆయనకి వచ్చేది సున్నా.

అమినోప్టెరిన్‌కి దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలదే. లుకేమియాకీ, కీళ్లవాతానికీ ఇప్పటికీ రాస్తున్నారు. బోదకాలుకి ఊళ్లలో పంచే డీఈసీ మాత్రలూ అక్కడివే. ఆ మాత్ర మింగినవాళ్లెవరూ సైట్ చెయ్యరు కదా.

ఫార్బర్ పేపర్ వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. అమెరికా వెళ్లాక ఒక్కసారి కూడా తిరిగి రాలేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు.

ప్రోగ్రామ్ ఇచ్చిన నంబర్ ఇక్కడ వెయ్యట్లేదు. స్పెల్లింగ్ మార్చి రన్ చేసిన ప్రతిసారీ వేరే నంబర్ వస్తోంది.