సమాధుల తోట పక్కన బతికిన గురువు: మొలొకాయ్ ఫాదర్ డామియన్

మన గూడేల్లో ఒకరు కన్నుమూస్తే ఊరంతా పనులు ఆపుకొని కదులుతుంది. పాడె కట్టేవాళ్లు, గొయ్యి తవ్వేవాళ్లు, డోలు పట్టేవాళ్లు ఎవరూ పిలవకుండానే వస్తారు. పోయినవారిని గౌరవంగా సాగనంపడం మన పెద్దలు నేర్పిన మర్యాద. సముద్రాల అవతల మరో మూలవాసీ జాతి మధ్య అదే మర్యాదను నిలబెట్టిన ఒక క్రైస్తవ గురువును ఈ సంచికలో తలచుకుంటున్నాం.

ఫాదర్ డామియన్ అసలు పేరు జోసెఫ్ డి వ్యూస్టర్. 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలోలో రైతు కుటుంబంలో పుట్టారు. హవాయి దీవులకు వెళ్లవలసిన అన్న జబ్బుపడితే ఆయనకు బదులుగా బయలుదేరి 1864 మార్చిలో హొనొలులు చేరారు. ఆ మే నెలలోనే గురుపట్టాభిషేకం పొందారు. ప్రజల భాష నేర్చుకున్నారు. వాళ్లు ఆయనను కమియానో అని పిలుచుకున్నారు.

బయటి ఓడలతో వచ్చిన కొత్త రోగాలు హవాయి మూలవాసులను కబళిస్తున్న కాలమది. కుష్ఠు సోకినవారిని వేరుగా ఉంచాలని 1865లో అక్కడి రాజ్యం చట్టం చేసింది. మరుసటి ఏడాది నుంచి రోగులను మొలొకాయ్ దీవిలోని కలవావోకు తరలించారు. మూడు వైపులా సముద్రం, వెనుక నిట్టనిలువు కొండ. అక్కడికి వెళ్లడమంటే చావుకోసం ఎదురుచూడటమే.

1873 మే 10న డామియన్ అక్కడ అడుగుపెట్టారు. ఇల్లు లేక మొదటి రాత్రులు గుడి పక్కనున్న మొగలిజాతి చెట్టు కింద పడుకున్నారు. చనిపోయినవారిని దుప్పట్లో చుట్టి లోతులేని గోతుల్లో పెడితే జంతువులు తవ్వేసేవి. ఆయన సమాధుల స్థలానికి కంచె వేశారు. తన చేతులతో వందలాది శవపేటికలు చేశారు, గోతులు తవ్వారు. అంత్యక్రియల సంఘం ఏర్పరిచి డప్పులతో, పాటలతో ఊరేగింపుగా సాగనంపే ఏర్పాటు చేశారు. ఇళ్లు కట్టారు, నీటి గొట్టాలు వేయించారు. తన నివాసం సమాధుల పక్కనే. జపమాల చెప్పుకోవడానికి ఆ తోటకే వెళ్లేవారు.

1884 చివరలో మరిగే నీళ్లు పాదం మీద పడినా ఆయనకు నొప్పి తెలియలేదు. తనకూ ఆ రోగం వచ్చిందని అర్థమైంది. అయినా పని ఆపలేదు, ఇంకా తొందరపడ్డారు. తన తర్వాత అనాథ పిల్లలను ఎవరు చూస్తారన్నదే ఆయన దిగులు. 1886లో జోసెఫ్ డటన్, 1888లో ఫాదర్ కాన్రార్డీ, మదర్ మరియాన్ కోప్ వచ్చాక ఆ దిగులు తీరింది. డటన్ ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా అక్కడే సేవ చేశారు.

1889 మార్చి నెలాఖరున మంచాన పడ్డారు. మంచాన అనడం కూడా సరికాదు. నేల మీద పరిచిన గడ్డిపరుపు మీదే పడుకుని ఉంటే, తోటివారు ఎంతో బతిమాలి మంచానికి ఒప్పించారు. జీవితమంతటికీ పాపసంకీర్తనం చేసుకున్నారు, సన్యాస ప్రమాణాలు తిరిగి పలికారు, అవస్థ అభ్యంగనం స్వీకరించారు. తనదంటూ ఏమీ మిగల్చుకోకుండా పేదగా పోతున్నందుకు సంతోషించారు. ఏప్రిల్ 15న, పవిత్ర వారపు సోమవారం, 49వ ఏట ప్రభువులో నిద్రించారు. ఆయన కోరినట్టే, తొలి రాత్రులు తలదాచుకున్న చెట్టు కిందే సమాధి చేశారు.

1936లో ఆయన అవశేషాలను బెల్జియం తీసుకెళ్లారు. 1995లో కుడి చేతిని మాత్రం కలవావో ప్రజలకు తిరిగి ఇచ్చారు. వాళ్లకోసం పేటికలు చేసిన ఆ చెయ్యి మళ్లీ పాత సమాధిలోకే చేరింది. 2009లో ఆయన పునీతుడయ్యారు.

మరణానికి సిద్ధపడటమంటే చివరి గడియలో గురువును పిలిపించుకోవడం మాత్రమే అనుకుంటాం. డామియన్ పదహారేళ్లు ఇతరుల మరణాలకు గౌరవం కల్పిస్తూనే తన మరణానికి సిద్ధపడ్డారు. అందుకే అది వచ్చిననాడు ఆయన భయపడలేదు. మన గూడెంలో ఇప్పుడు మంచం పట్టి ఉన్న పెద్దల దగ్గర ఈ సాయంత్రం కాసేపు కూర్చుందాం. మన సిద్ధపాటూ అక్కడే మొదలవుతుంది.