మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, హైదరాబాదు స్క్వాడ్రన్లు

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (1886 - 1967) హైదరాబాదు సంస్థానాన్ని 1911 నుండి 1948 వరకు పాలించిన ఏడవ నిజాము. అసఫ్ జాహీ వంశపు చివరి పాలకుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపకుడిగా, ప్రపంచంలోని గొప్ప ధనవంతులలో ఒకడిగా ప్రసిద్ధుడు. రెండు ప్రపంచ యుద్ధాలలోను ఈయన బ్రిటిషు ప్రభుత్వానికి భారీగా విరాళాలిచ్చాడు. ఆ కారణంగా బ్రిటిషు రాయల్ ఎయిర్ ఫోర్సులోని మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరు వచ్చింది. ఆ స్క్వాడ్రన్లు నడిపిన విమానాలలో అమెరికా ఇంజన్లు బిగించినవి, అమెరికాలోనే తయారైనవి కూడా ఉన్నాయి. అయితే ఈయన సొంత సంస్థానానికి మాత్రం యుద్ధ విమానదళం లేదు.

బాల్యము, పట్టాభిషేకము

ఉస్మాన్ అలీ ఖాన్ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కుమారుడు. పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి మరణానంతరం 1911 ఆగస్టులో గద్దెనెక్కాడు. నిజాము అయిన తరువాత కూడా పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదానికి మారక, ఆబిడ్స్ కు సమీపంలోని కింగ్ కోఠీలోనే నివసించాడు. ఈయన పాలన రజతోత్సవాలు 1937లో జరిగాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ లోని జూబిలీ హాలు ఆ సందర్భానికి గుర్తుగా నిలిచి ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం

1917లో అమెరికా యుద్ధంలో చేరేనాటికి ఆ దేశం వద్ద యుద్ధానికి పనికివచ్చే సొంత విమానమేదీ లేదు. ఆ లోటును పూరించడానికి జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇంజనీర్లు వాషింగ్టన్ లోని ఒక హోటలులో కొద్ది రోజులలోనే లిబర్టీ అనే 12 సిలిండర్ల ఇంజనుకు రూపకల్పన చేశారు. దాని శక్తి సుమారు 400 అశ్వశక్తి. కార్ల కర్మాగారాలలో 20,000కు పైగా లిబర్టీ ఇంజన్లు తయారయ్యాయి.

అప్పటి బ్రిటిషు డీహెచ్-9 బాంబరుకు ఇంజను బలం చాలేది కాదు. దానిని సవరించి లిబర్టీ ఇంజను బిగించగా డీహెచ్-9ఏ రూపొందింది. ఈ విమానాన్ని యుద్ధంలో మొదట ఉపయోగించినది 110వ స్క్వాడ్రన్. ఆ స్క్వాడ్రన్ తొలి విమానాలకు అయిన వ్యయాన్ని నిజాము భరించాడు. ఒక్కొక్క విమానంపై హైదరాబాదు పేరు, వరుస సంఖ్య, దాత పేరు వ్రాయించారు.

1918 సెప్టెంబరు నుండి నవంబరు వరకు ఈ స్క్వాడ్రన్ ఫ్రాన్సు నుండి జర్మనీ పట్టణాలపై బాంబులు వేసింది. శత్రువుల చేతిలో 17 విమానాలను కోల్పోయింది. మరో 28 విమానాలు ప్రమాదాలలో పాడయ్యాయి. యుద్ధంలో చేసిన సహాయానికి గుర్తింపుగా బ్రిటిషు ప్రభుత్వం నిజాముకు విశ్వసనీయ మిత్రుడు అనే బిరుదును ఇచ్చింది. సంస్థానానికి ప్రధానమైన ఆదాయం భూమిశిస్తు. దానిని చెల్లించినవారు తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాల రైతులు.

రెండవ ప్రపంచ యుద్ధం

1939లో యుద్ధం మొదలైన తరువాత 152, 253వ స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాదు పేరు చేరింది. రెండూ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పాల్గొన్నాయి. 152వ స్క్వాడ్రన్ స్పిట్ ఫైర్లను, 253వ స్క్వాడ్రన్ హరికేన్లను నడిపాయి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాము తలపాగాను చిత్రించారు.

పాత 110వ స్క్వాడ్రన్ 1942లో భారతదేశానికి వచ్చి వల్టీ వెంజియన్స్ విమానాలను స్వీకరించింది. ఇది అమెరికాలో తయారైన ఇద్దరు కూర్చునే బాంబరు. లక్ష్యంపైకి నిట్టనిలువుగా దూకి బాంబు వేయడం దీని విధానం. బర్మా సరిహద్దులో జపాను స్థావరాలపై దీనిని ఉపయోగించారు. ఆ విధంగా హైదరాబాదు పేరు అమెరికా విమానాలతో రెండవసారి ముడిపడింది.

1948, చివరి దశ

బ్రిటిషువారితో కుదిరిన సైన్యసహకార ఒడంబడిక వల్ల సంస్థానపు రక్షణ భారం చాలాకాలం వారిదిగానే ఉండేది. 1947లో వారు వెళ్ళిపోవడంతో ఆ అండ తొలగిపోయింది. సంస్థానం వాటాదారుగా 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్ వేస్ సంస్థకు అమెరికా డగ్లస్ కంపెనీ రూపొందించిన డకోటాలు ఉండేవి, కానీ అవి ప్రయాణికుల విమానాలు. 1948లో సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుండి రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. భారత వైమానిక దళపు టెంపెస్ట్ విమానాలు సంస్థానంలోని విమానాశ్రయాలపై దాడి చేశాయి. వాటిని ఆకాశంలో ఎదుర్కొనేందుకు నిజాము వద్ద ఒక్క యుద్ధ విమానమైనా లేదు. సెప్టెంబరు 17న ఈయన కాల్పుల విరమణను రేడియోలో ప్రకటించాడు. తరువాత 1950 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుగా ఉన్నాడు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో మరణించాడు. ఆ భవనానికి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఈయన సమాధి ఉంది.

మిగిలిన గుర్తు

110వ స్క్వాడ్రన్ 1971లో రద్దయింది. నిజాము ధనంతో కొన్న విమానాలలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. అది బెర్లిన్ ప్రదర్శనశాలకు, అక్కడి నుండి పోలండుకు చేరింది. 1977లో ఒక స్పిట్ ఫైరుకు బదులుగా బ్రిటన్ కు తిరిగివచ్చింది. హైదరాబాదు 12ఏ అనే పేరు గల ఆ విమానం లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకు చెందినది.