తిప్పి పంపిన థీసిస్

మన హాస్టల్ గదుల్లో అంబేడ్కర్ ఫొటో ఉంటుంది. కోటు, టై, చేతిలో పుస్తకం. చూసినప్పుడల్లా ఆయన పట్టాలు గుర్తొస్తాయి గానీ, ఆ పట్టాల కోసం రాసిన కాగితాలు ఏమయ్యాయన్నది ఎవరికీ తట్టదు. నాకూ తట్టలేదు. మూడో అధ్యాయం నాలుగోసారి ఎర్ర గీతలతో వెనక్కొచ్చిన రోజు, ఇది మనలాంటి వాళ్ల పని కాదేమో అనిపించి, బాబాసాహెబ్ విద్యార్థి జీవితాన్ని తేదీలతో సహా మళ్లీ చదివాను.

1913 ఫిబ్రవరిలో తండ్రి రాంజీ చనిపోయారు. అదే ఏడాది జులైలో, బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన మూడేళ్ల స్కాలర్‌షిప్‌తో భీమ్‌రావ్ న్యూయార్క్ చేరారు. అప్పటికి వయసు 22. కొలంబియా యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రం ముఖ్య విషయం. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతుల్లోనూ కూర్చున్నారు. అక్కడ ఆయనకు దొరికినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది సెమినార్ గది. విద్యార్థి పేపర్ రాసుకొచ్చి చదవాలి, మిగతావాళ్లు ప్రశ్నించాలి. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో ఆయన చదివిన పేపరే భారతదేశంలో కులాల పుట్టుక, వ్యాప్తి గురించినది. ఏడాది తర్వాత అది 'ఇండియన్ యాంటిక్వరీ'లో అచ్చయింది. కుల నిర్మూలన పోరాటానికి పునాదిగా మనం చదువుకునే ఆ రచన మొదట ఒక క్లాసు పేపరు!

తర్వాత లండన్ వెళ్లారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు సగంలో ఆపి తిరిగి రావాల్సివచ్చింది. సామాను వేరే ఓడలో పంపారు. యుద్ధకాలం కదా, జలాంతర్గామి దాడిలో ఆ ఓడ మునిగిపోయింది. కొన్న పుస్తకాలతో పాటు, అమెరికాలో రాసిన థీసిస్ రాతప్రతి కూడా సముద్రం పాలైంది. బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంటరానివాడని తెలిసి పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఈ ఘటన మనందరికీ తెలుసు. రాతప్రతి పోయిన సంగతి చాలామందికి తెలియదు.

బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో కొంత మిగిల్చారు. సాహు మహారాజ్ సాయపడ్డారు. పార్సీ మిత్రుడు నావల్ భతేనా 5,000 రూపాయల అప్పిచ్చారు. ఆ డబ్బుతో 1920లో మళ్లీ లండన్. పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళితే మూసేదాకా అక్కడే. రాత్రి ఆకలేస్తే ఒక పరిచయస్తుడిచ్చిన అప్పడాలు కాల్చుకు తినేవారని జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశారు. ఈ అప్పడాల కథను త్యాగానికి గుర్తుగా చెబుతుంటాం. నాకు మాత్రం అందులో ఫెలోషిప్ లేని పరిశోధకుడు కనబడతాడు.

1921లో ఎంఎస్సీ వచ్చింది. పోయిన కొలంబియా థీసిస్ స్థానంలో కొత్తది రాసి, 1922 ఫిబ్రవరిలో ఆ సంగతి తన పాత గురువు సెలిగ్మన్‌కు ఉత్తరంలో తెలియజేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో 'రూపాయి సమస్య' థీసిస్‌ను లండన్‌లో డీఎస్సీకి సమర్పించారు.

అది ఆమోదం పొందలేదు. తిరగరాయమన్నారు. బ్రిటిష్ పాలనపై విమర్శ ఘాటుగా ఉండటమే కారణమని కీర్ అంటారు. చేతిలో డబ్బు అయిపోయింది. 1923 ఏప్రిల్‌లో ఆయన బొంబాయి వచ్చేశారు. ఒకపక్క ఇల్లు గడవాలి, మరోపక్క లాయరుగా ప్రాక్టీసు మొదలుపెట్టాలి. ఆ మధ్యలోనే కూర్చుని తిరగరాశారు. తన నిర్ధారణలు మార్చుకోకుండా, చెప్పే తీరు మార్చి ఆగస్టులో పంపారు. నవంబర్‌లో ఆమోదం వచ్చింది.

ఆయనకు గైడుగా ఉన్న ఎడ్విన్ కానన్, ఆ పుస్తకానికి ముందుమాట రాస్తూ బంగారు మారక ప్రమాణంపై అంబేడ్కర్ వాదనతో తనకు పొత్తు కుదరదని అందులోనే చెప్పారు. చెబుతూనే, ఆ ఆలోచనలోని తాజాదనాన్ని మెచ్చుకున్నారు. నా మట్టుకు ఇదే అసలైన శిక్షణ. వాక్యాలు దిద్దేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. విద్యార్థి వాదనను పూర్తిగా చదివి, ఒప్పుకోకపోయినా దాని పక్కన నిలబడే గురువు దొరకడం కష్టం. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో థీసిస్ రాయాల్సివచ్చిన మొదటి తరం పిల్లలకు ఇంకా కష్టం. మన దగ్గర చాలాసార్లు వ్యాకరణం తప్పులు వెతికి, వాదన చదవకుండానే కాగితాలు వెనక్కిస్తారు. ఇంట్లో అడుగుదామంటే, థీసిస్ అంటే ఏమిటో మనమే అమ్మకు చెప్పాలి.

కొలంబియా పట్టాకు ఇంకా ఆలస్యమైంది. థీసిస్ అచ్చయి కాపీలు చేరితే తప్ప అప్పట్లో అక్కడ డాక్టరేట్ ఇచ్చేవారు కాదు. సెలిగ్మన్ ముందుమాటతో ఆ పుస్తకం 1925లో వచ్చింది. పట్టా 1927లో. అంటే న్యూయార్క్‌లో అడుగుపెట్టిన 14 ఏళ్లకు. అదే ఏడాది మార్చిలో ఆయన మహాడ్ చెరువు నీళ్లు తాగించే పోరాటం నడిపారు.

'రూపాయి సమస్య' 1923 డిసెంబర్‌లో లండన్‌లో అచ్చయింది. దాన్ని తల్లిదండ్రుల జ్ఞాపకానికి అంకితమిచ్చారు. తల్లి ఆయన చిన్నప్పుడే పోయింది. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి పెళ్లయిన కూతుళ్ల దగ్గరికి వెళ్లి అప్పడిగిన రాంజీ, అది చూడటానికి లేరు.