చూసింది రాసిన వ్యాపారి



మైక్రోబయాలజీ పోటీకి మీ పిల్లలు నోట్సు రాసుకుంటున్నారా? అయితే వారికి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ గురించి చెప్పండి.

1632లో హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టిన ఆయన బట్టల వ్యాపారి. కాలేజీ చదువు లేదు, లాటిన్ రాదు. తాను చేసుకున్న కటకాలతో చూసింది చూసినట్టు డచ్‌లోనే రాసేవారు. మిరియాలు నానబెట్టిన నీటిలో సూక్ష్మజీవులు కనిపించాయని 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తే, అక్కడివారు వెంటనే నమ్మలేదు. ఆయన నొచ్చుకుని ఊరుకోలేదు. స్వయంగా చూసినవారి చేత సాక్ష్యాలు రాయించి పంపారు. 1677లో రాబర్ట్ హుక్ మిరియాల నీటితోనే పరీక్షించగా అవి కనిపించాయి! 1723లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆయన రాస్తూనే ఉన్నారు.

ఈసారి నోట్సులో పేజీలు లెక్కపెట్టకండి. అందులో మీ బిడ్డ స్వయంగా చూసి రాసింది ఏదో అడగండి.