పెర్సీ జూలియన్: సోయాగింజలో మందు కనుగొన్న మేధావి

విద్వాంసునికి ఎల్లెడల గౌరవము లభించునని పెద్దలు చెప్పుదురు. అమెరికా దేశపు పారిశ్రామిక రసాయన శాస్త్రజ్ఞుడు పెర్సీ జూలియన్ జీవితమును తెలిసికొన్నవారు ఆ మాట ఎంతవరకు నిజమో ఆలోచింపక మానరు.

జూలియన్ 1899 ఏప్రిల్ 11వ తేదీన అలబామా రాష్ట్రమందలి మాంట్‌గొమరీ నగరమున నల్లజాతి కుటుంబమున జన్మించెను. తాత బానిసగా బ్రదికినవాడు. తండ్రి రైల్వే తపాలా గుమాస్తా, తల్లి ఉపాధ్యాయురాలు. ఆ నగరమున నల్లజాతి పిల్లలకు ప్రభుత్వోన్నత పాఠశాల లేదు. అందుచే ఇండియానా రాష్ట్రమందలి డిపా విశ్వవిద్యాలయమున చేరిన పిదప, పై చదువుతోపాటు ఉన్నత పాఠశాల పాఠములను గూడ ఆతడు చదువవలసి వచ్చెను. తెల్లవిద్యార్థుల వసతిగృహమున పనిపాటలు చేసి, అక్కడి అటకపై తలదాచుకొనెను. అట్లు చదివియు 1920లో తన తరగతికెల్ల ప్రథముడుగా పట్టము నందెను.

హార్వర్డులో 1923లో ఎం. ఏ. పట్టము లభించెను గాని, తెల్లవిద్యార్థులు నల్లవానికడ పాఠము వినరను నెపమున బోధకపదవి లభింపలేదు. డాక్టరు పట్టమునకై సముద్రము దాటి వియన్నా నగరమునకు పోయి, 1931లో దానిని సాధించెను.

మరల డిపాకు వచ్చి, వియన్నా మిత్రుడు జోసెఫ్ పిక్ల్‌తో గూడి ఫైసోస్టిగ్మిన్‌ను కృత్రిమముగా చేయ బూనెను. నీటికాసుల వ్యాధికి వాడు ఈ మందు పశ్చిమాఫ్రికాలోని కాలబార్ చిక్కుడుగింజలనుండి లభించునది. అదే పనిలోనున్న ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు రాబర్ట్ రాబిన్‌సన్ జగత్ప్రసిద్ధుడు. ఆయన ప్రకటించిన ఫలితము పొరపాటని జూలియన్ నిర్భయముగా వ్రాసెను. తానే పొరబడియుండినచో ఆతని శాస్త్రజీవితము అంతటితో ముగిసెడిది. కాని 1935లో జూలియన్ పక్షమే నెగ్గెను. ఇంత జరిగినను డిపావారు ఆతనికి ఆచార్యపదవి నీయలేదు.

కళాశాలలు మూసిన తలుపును 1936లో ఒక రంగుల కర్మాగారము తెరచెను. చికాగోలోని గ్లిడెన్ కంపెనీ తన సోయా పరిశోధనశాలకు ఆతనిని అధిపతిగా నియమించెను. ఆతడు సోయానుండి వేరుచేసిన మాంసకృత్తుతో తయారైన నురుగు, రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా నౌకాదళమువారికి చమురుమంటల నార్పుటకు ఉపకరించెను. ఒకనాడు సోయానూనె తొట్టిలోనికి నీరు చొరబడి తెల్లని ముద్ద పేరుకొనెను. నూనె చెడెనని తక్కినవారు విచారింపగా, జూలియన్ అది స్టిగ్మాస్టెరాల్ అని గుర్తించెను. దానినుండి ప్రొజెస్టిరోన్ అను హార్మోనును విరివిగా తయారుచేయు మార్గము ఏర్పడెను.

కార్టిజోన్ కీళ్లవాతమునకు మేలుచేయునని 1949లో వెల్లడి యయ్యెను. కాని పశువుల పిత్తరసమునుండి తీయవలసియుండుటచే అది సామాన్యులకు అందని మందు. జూలియన్ ఆ యేడే దానికి మిక్కిలి చేరువైన మరియొక పదార్థమును సోయానుండి చౌకగా చేయు విధానమును కనుగొనెను. పిమ్మట ఇతరులు సూక్ష్మజీవుల సాయమున ఆ పదార్థమును హైడ్రోకార్టిజోన్‌గా మార్చగలిగిరి.

1950లో చికాగో దినపత్రిక యొకటి ఆతనిని ఆ యేటి మేటి నగరవాసిగా పేర్కొనెను. ఆ యేడే, నగరమునకు ఆనుకొనియున్న ఓక్‌పార్కులో ఆతడు కొన్న ఇంటికి, గృహప్రవేశమునకు ముందే దుండగులు నిప్పు పెట్టిరి. మంటల నార్పు నురుగును దేశమునకిచ్చినవాని యింటికే నిప్పు! 1951లో ఆ యింటిపై డైనమైటు విసరిరి. పలువురు ఇరుగుపొరుగువారు అండగా నిలిచిరి. జూలియన్ దంపతులు ఇల్లు విడువలేదు. తండ్రీకొడుకులు రాత్రులు కావలి కూర్చుండిరి.

1953లో ఆతడు గ్లిడెన్‌ను వీడి సొంత పరిశోధనశాల స్థాపించి, ఇతరత్ర ఉద్యోగము దొరకని నల్లజాతి రసాయనికులకు పెక్కండ్రకు పని కల్పించెను. 1961లో దానిని 23 లక్షల డాలర్లకు విక్రయించెను. 1973లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఆతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. 1975 ఏప్రిల్ 19వ తేదీన ఆతడు కన్నుమూసెను.

ఏ యూర ఆతని యింటికి నిప్పు పెట్టిరో, ఆ యూరనే 1985లో ఒక పాఠశాలకు ఆతని పేరు పెట్టిరి. పెద్దల మాట తప్పు కాలేదు. కాని ఆతడు పోయిన పదియేండ్లకు గాని ఆ యూర అది నిజము కాలేదు.